ఫిలిప్పీన్స్ పాత చర్చిలు: ఉన్న నాలుగు రోజుల్లో ఏది చూడాలి?

దవావ్‌లోనో మనీలాలోనో పిల్లలు మెడిసిన్ చదువుతున్న తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. 2025 జూన్ నుంచి భారత పాస్‌పోర్టు ఉన్న పర్యాటకులకు 14 రోజుల వరకు వీసా లేకుండా ప్రవేశం దొరకడంతో, పిల్లల్ని చూసి రావడానికి బయల్దేరే అమ్మానాన్నలు కూడా పెరుగుతున్నారు. (టికెట్ కొనే ముందు ఆ రూల్ అలాగే ఉందో లేదో ఒకసారి చూసుకోండి.) బీచ్‌ల సంగతి ఎవరో ఒకరు చెప్తారు. స్పానిష్ కాలపు చర్చిలు చూద్దామనుకునేవాళ్లకే తికమక. ఏ లిస్టు తెరిచినా ప్రతి చర్చీ 'తప్పక చూడాల్సిందే'. కానీ అది దీవుల దేశం. ఒకటి ఉత్తర కొసన ఉంటే ఇంకొకటి మధ్య దీవుల్లో ఉంది. అన్నీ ఒకే ట్రిప్పులో కుదరవు.

యునెస్కో 1993లో నాలుగు చర్చిల్ని కలిపి ఒకే వారసత్వ సంపదగా గుర్తించింది: మనీలాలోని శాన్ అగస్టిన్, ఇలోకోస్ సుర్‌లోని శాంటా మరియా, ఇలోకోస్ నోర్టేలోని పవాయ్, ఇలోయిలో దగ్గరి మియగావ్. వీటికి తోడు ఐదో ఎంపికగా బొహోల్ దీవి చర్చిల్ని తీసుకుంటున్నాను. అవి ఆ నాలుగింటిలో లేవు గానీ చాలామంది తెలుగువాళ్లు ఎలాగూ ఆ దీవికి వెళ్తారు.

ముందు తేల్చుకోవాల్సింది: బయటా, లోపలా?

గైడ్లు చెప్పని విషయం ఇది. ఈ చర్చిల్లో బయటి నుంచి చూసి నోరెళ్లబెట్టేవి చాలావరకు లోపల సాదాగా ఉంటాయి. లోపల సంపద ఉన్నవి బయటికి పెద్దగా కనబడవు. పవాయ్ ఫోటోలు చూసి వెళ్లి, లోపల అడుగుపెట్టి 'ఇంతేనా' అనుకునేవాళ్లున్నారు. శాన్ అగస్టిన్ ముందు నిలబడి 'దీనికా ఇంత పేరు' అనుకుని లోపలికి వెళ్లకుండా తిరిగిపోయేవాళ్లూ ఉన్నారు. మీకు గోడలు, గోపురాలు, రాతి పని ఇష్టమా, లేక బలిపీఠాలు, బొమ్మలు, కప్పు మీది చిత్రాలా? దీనికి జవాబు దొరికితే సగం ఎంపిక అయిపోయినట్టే.

రెండోది, మీరు చూస్తున్నది ఎంతవరకు పాతది అన్నది. భూకంపాలు, మంటలు, యుద్ధం తర్వాత మళ్లీ కట్టినవి చాలా ఉన్నాయి. తిరిగి కట్టినంత మాత్రాన విలువ తగ్గదు. కానీ మీకు అసలు కట్టడమే కావాలంటే ఆ తేడా తెలిసి వెళ్లాలి.

మూడోది ప్రయాణం. విమానం, బస్సు, పడవ, మెట్లు. పెద్దవాళ్లు వెంట ఉంటే దీన్నే మొదటి ప్రశ్న చేసుకోండి.

ఇవి ఇంత బండగా ఎందుకున్నాయి

కొంచెం చరిత్ర తెలియకపోతే ఐదూ ఒకేలా కనిపిస్తాయి, అందుకే ఈ నాలుగు మాటలు. 1565లో లెగాస్పి నాయకత్వంలో స్పెయిన్ ఈ దీవుల్లో స్థిరపడింది. ఆయనతోనే అగస్టీనియన్ సన్యాసులు వచ్చారు. తర్వాత మిగతా సన్యాసి సంఘాలు, అంటే ఫ్రాన్సిస్కన్లు (1578), జెస్యూట్లు (1581), డొమినికన్లు (1587), రికలెక్టులు (1606) వచ్చి దీవుల్ని ప్రాంతాలుగా పంచుకున్నారు. చెల్లాచెదురుగా ఉన్న పల్లెల్ని చర్చి గంట వినిపించేంత దూరంలోకి చేర్చారు. మధ్యలో ప్లాజా (ఊరి చౌకం), దాని ఒక పక్క చర్చి, చర్చిని ఆనుకుని విచారణ గురువు (విచారణ అంటే ఒక చర్చి కింద ఉండే ఊరు, దాన్ని చూసుకునే ఫాదర్ ఆయన) ఉండే కాన్వెంట్, చుట్టూ పెద్ద కుటుంబాల ఇళ్లు. చాలా ఊళ్లలో ప్రభుత్వం తరఫున కనిపించే ఏకైక స్పెయిన్ దేశస్థుడు ఆ విచారణ గురువే. ఊరి లెక్కలు, బడి, పన్ను, తగాదాలు అన్నిట్లో ఆయన మాట ఉండేది.

రాళ్లు మోసింది మాత్రం ఊరివాళ్లు. 16 నుంచి 60 ఏళ్ల మగవాళ్లు ఏడాదికి 40 రోజులు ప్రభుత్వం చెప్పిన పని చేయాలి. వెట్టే అది. 1884లో గానీ దాన్ని 15 రోజులకు తగ్గించలేదు. ఈ చర్చిల అందం గురించి రాసేవాళ్లు ఈ ముక్క ఎందుకో ఎప్పుడూ చివర్లో ఇరికిస్తారు. ముందే తెలుసుకుని వెళ్తే గోడల మందం ఇంకోలా కనిపిస్తుంది.

మొదట్లో చర్చిలు వెదురు, తాటి జాతి ఆకులతోనే కట్టారు. అవి తగలబడ్డాయి. రాతితో కడితే భూకంపాలు కూల్చాయి. తీరంలో ఉంటే దక్షిణ దీవుల నుంచి పడవల మీద వచ్చే దాడులు. ఈ మూడు భయాలకు కలిపి దొరికిన జవాబే ఈ తీరు. ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ, మీటరున్నర మందం గోడలు, వాటికి లావాటి ఊత గోడలు. చాలాచోట్ల గంట గోపురం చర్చికి దూరంగా ఉంటుంది. భూకంపంలో ఎత్తైన గోపురం ఒకలా ఊగుతుంది, పొట్టిగా పొడుగ్గా ఉన్న చర్చి ఇంకోలా ఊగుతుంది. రెండూ అతుక్కుని ఉంటే ఒకదాన్నొకటి చీలుస్తాయి, లేదా గోపురం చర్చి కప్పు మీద పడుతుంది. విడిగా కడితే పడినా ఖాళీ నేల మీదే పడుతుంది. చరిత్రకారులు ఈ శైలిని 'భూకంప బరోక్' అంటారు. (బరోక్ అంటే యూరప్ నుంచి వచ్చిన ఆడంబరమైన కట్టడ శైలి.)

ఒక చూపులో

| చర్చి | బయట | లోపల | ఇప్పుడున్న కట్టడం | చేరడం |
|---|---|---|---|---|
| శాన్ అగస్టిన్, మనీలా | సాదా | అన్నిటికంటే గొప్ప | 1607కి పూర్తి, ఇప్పటికీ నిలిచింది | ఊళ్లోనే |
| పవాయ్ | అన్నిటికంటే గొప్ప | సాదా | 1694–1710 | లావోగ్ దాకా విమానం, తర్వాత రోడ్డు |
| శాంటా మరియా | కొండ, కోట గోడ, మెట్లు | మామూలు | 18వ శతాబ్దం, గోపురం 1810 | విగాన్ నుంచి రోడ్డు. 85 మెట్లు |
| మియగావ్ | ముఖద్వారం మీది శిల్పం | 20వ శతాబ్దంలో బాగు చేసినది | 1787–1797 | ఇలోయిలో దాకా విమానం, తర్వాత 40 కి.మీ. |
| బొహోల్ చర్చిలు | మధ్యస్థం | బలిపీఠాలు, కప్పు చిత్రాలు, మ్యూజియం | 2013 భూకంపం తర్వాత పునరుద్ధరణ | సెబు నుంచి పడవ లేదా నేరుగా విమానం |

శాన్ అగస్టిన్: పూట మాత్రమే ఉంటే ఇదే

మనీలా పాత కోటనగరం ఇంట్రామురోస్‌లో ఉంది. 1571లో వెదురుతో కట్టిన మొదటి చర్చి 1574లో చైనా సముద్రపు దొంగ లిమహోంగ్ దాడిలో కాలిపోయింది. కలపతో కట్టిన రెండోది 1583లో ఒక గవర్నర్ అంత్యక్రియల్లో కొవ్వొత్తి అంటుకుని కాలింది. దాంతో రాతికి మారారు. 1607కి పూర్తయిన ఆ కట్టడమే ఇప్పటికీ ఉంది. 1645, 1863, 1880 భూకంపాల్ని తట్టుకుంది. 1863లో పక్కనున్న మనీలా కెథెడ్రల్ కూలిపోయినా ఇది నిలిచింది. 1880లో మాత్రం రెండు గంట గోపురాల్లో ఒకటి పగిలింది, తర్వాత దాన్ని తీసేశారు. చర్చి ముందుభాగం ఒక వైపే బరువుగా కనిపించడానికి కారణం అదే. 1945లో మనీలా యుద్ధంలో ఇంట్రామురోస్ నేలమట్టమైంది. అక్కడున్న ఏడు చర్చిల్లో మిగిలింది ఇదొక్కటే. ఇప్పుడు మీరు చూసే కెథెడ్రల్ 1950ల్లో మళ్లీ కట్టినది. దాన్ని చూసి పాత చర్చి చూసేశామనుకోకండి.

లోపలికి వెళ్లాక తలెత్తండి. కప్పు మీద చెక్కిన పువ్వులు, చట్రాలు కనిపిస్తాయి. అవి చెక్కినవి కావు. 1875లో అల్బెరోని, దిబెల్లా అనే ఇద్దరు ఇటాలియన్లు నున్నటి కమాను కప్పు మీద నీడలు దిద్ది వేసిన రంగు. ఎంతసేపు చూసినా కన్ను ఒప్పుకోదు. లెగాస్పి సమాధి ఇక్కడే ఉంది. ఆనుకుని ఉన్న మఠంలో మ్యూజియం ఉంది, దానికి టికెట్ వేరు. ద్వారం దగ్గర చైనా రాతి సింహాలు కూర్చుని ఉంటాయి. ఈ చర్చిల నిర్మాణంలో చైనా పనివాళ్ల చెయ్యి ఎంతుందో చెప్పడానికి అవి చాలు.

మనవైపు సంబంధం ఉన్న ముక్క కూడా ఒకటుంది. 1762లో మనీలాను పట్టుకున్న బ్రిటిష్ దండు బయల్దేరింది మద్రాసు నుంచి. అందులో మద్రాసు సిపాయిలూ ఉన్నారు. ఆ ఆక్రమణలో శాన్ అగస్టిన్ దోపిడీకి గురైంది. 1764లో దండు వెనక్కి వెళ్లినప్పుడు కొందరు సిపాయిలు మనీలా పక్కన కైంటా ప్రాంతంలోనే ఉండిపోయారు.

మనీలాలో ఇంకో గంట మిగిలితే శాన్ సెబాస్టియన్ చర్చికి వెళ్లండి. ముందున్నవి మంటలకు, భూకంపాలకు పోతూ ఉంటే విసిగి, 1891కి మొత్తం ఉక్కుతోనే కట్టేశారు. భాగాలు బెల్జియం నుంచి ఓడల్లో తెప్పించారు. భూకంపానికి భయపడని చర్చికి సముద్రపు గాలి తుప్పు పట్టించడం వేరే కథ.

పవాయ్, శాంటా మరియా: ఇలోకోస్ జంట

లూజాన్ దీవి వాయవ్య తీరంలో ఉన్న ఈ రెంటినీ విడివిడిగా పోల్చడం కంటే కలిపి చూడటమే తెలివి. మధ్యలో విగాన్ పట్టణం ఉంది. దాని పాత వీధులు కూడా 1999లో యునెస్కో జాబితాలోకి చేరాయి. లావోగ్‌లో దిగి పవాయ్ చూసి, విగాన్‌లో రెండు రాత్రులుండి, శాంటా మరియా చూసుకుని రోడ్డు మీదే మనీలాకు దిగిపోవచ్చు.

పవాయ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ఫోటోలే చెప్తాయి. పక్క గోడలకు ఆనుకుని 1.67 మీటర్ల మందం ఊత గోడలు మెలికలు తిరిగి నేలకు దిగుతాయి. ఇక్కడ కిందిభాగం పగడపు రాయి, పైభాగం ఇటుక. మధ్యలోని ఊత గోడలకు పైకప్పుకు ఎక్కే మెట్లున్నాయి. సున్నంలో చెరకు రసం, మామిడి ఆకులు, తోలు, వరిగడ్డి ఉడికించి కలిపారని స్థానికులు చెప్తారు. డంగుసున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ కలపడం విన్న మనవాళ్లకు అది వింతేమీ కాదు. పగడపు రాతి గోపురం దూరంగా, విడిగా ఉంటుంది. 1898లో స్పెయిన్‌పై తిరగబడ్డవాళ్లు, రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్‌పై పోరాడిన గెరిల్లాలు ఆ గోపురం మీది నుంచే కాపు కాశారు. లోపలికి వెళ్తే పొడుగాటి హాలు, తేలికపాటి కప్పు. పది నిమిషాలు చాలు. బయట మాత్రం చుట్టూ నిదానంగా తిరగండి, వెనక వైపు కూడా. చాలామంది ముందు నుంచి సెల్ఫీ తీసుకుని వెళ్లిపోతారు. అసలు పనితనం పక్కల్లో ఉంది.

శాంటా మరియా దీనికి పూర్తిగా వేరు. మిగతావి ఊరి మధ్య ప్లాజాలో ఉంటే, ఇది కొండ మీద, చుట్టూ రక్షణ గోడతో ఉంది. కింది నుంచి 85 మెట్లు. పైకి చేరాక ఎర్ర ఇటుకల పొడవాటి గోడ, నగిషీలు పెద్దగా లేవు. గోపురం ముందు కాదు, చర్చి పొడవు గోడకు సరిగ్గా మధ్యలో, విడిగా నిలబడి ఉంటుంది. 1810లో కట్టారు. 1863లో బాగుచేస్తున్నప్పుడు నేల కుంగి కొంచెం ఒరిగింది, అలాగే ఉండిపోయింది.

ఈ రెంట్లో ఒక్కదానికే సమయముంటే ఎక్కువమంది పవాయ్ అంటారు. ఫోటో కోసం అయితే నేనూ అదే అంటాను. కానీ విచారణ గురువు ఊరిని ఎలా చూసేవాడో, ఊరు ఆయన్ని ఎలా చూసేదో అర్థం కావాలంటే శాంటా మరియా మెట్లెక్కాలి. చర్చి, కాన్వెంట్, కోట గోడ, గోపురం, కింద ఊరు అన్నీ ఒక్క చోట నిలబడి చూడొచ్చు. నా ఓటు దీనికే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మాత్రం పవాయ్‌నే ఎంచుకోండి, అక్కడ అంతా సమతలం.

ఒక జాగ్రత్త. 2022 జులై 27న ఉత్తర లూజాన్‌లో 7.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. విగాన్ కెథెడ్రల్, దాని పక్క ఊరు బంటాయ్‌లోని పాత గంట గోపురం దెబ్బతిన్నాయి. గోపురం ఎక్కడం మీ ప్లాన్‌లో ఉంటే ముందే కనుక్కుని వెళ్లండి.

మియగావ్: ఒక్క గోడ కోసం ఇంత దూరమా?

అవును, ఆ గోడకు అంత విలువ ఉంది. పనయ్ దీవిలో తీరం వెంబడి ఉన్న ఊరిది. దాడుల భయంతో ఊళ్లోకెల్లా ఎత్తైన చోట, 1787 నుంచి 1797 మధ్య కట్టారు. రెండు పక్కలా బండ గోపురాలున్నాయి, అవి కాపలా బురుజులు కూడా. రెండూ ఒకే ఎత్తు ఉండవు. వాటి మధ్య తేనెరంగు రాతి మీద శిల్పం ఉంది. పునీత క్రిస్టఫర్ బాలయేసును వీపున మోస్తూ నది దాటే కథ యూరప్‌లో అందరికీ తెలిసిందే. ఇక్కడ ఆయన స్థానికుల బట్టలు కట్టుకుని, కొబ్బరి చెట్టు పట్టుకుని నిలబడ్డాడు. పక్కన బొప్పాయి, జామ. సన్యాసులు చెప్పిన కథను చెక్కినవాళ్లు తమ పెరట్లోకి తెచ్చుకున్నారు. ఈ ఐదు చోట్లలో పనివాళ్ల గొంతు నేరుగా వినిపించేది నాకు ఇక్కడే.

లోపల అంతగా ఏమీ ఆశించకండి. 1898 తిరుగుబాటు రోజుల్లోనూ 1910లోనూ కాలింది, 1948 భూకంపంలో దెబ్బతింది, 1960ల మొదట్లో బాగుచేశారు. ఒక్క పూట చాలు. ఇలోయిలో నుంచి జీప్నీలో (అక్కడి షేర్ జీపు) వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. కాబట్టి దీనికోసమే మనీలా నుంచి ఎగిరి రావడం శిల్పం మీద ప్రేమ ఉన్నవాళ్లకే నప్పుతుంది. దవావ్, సెబుల్లో ఉండేవాళ్లకు మాత్రం వారాంతం ట్రిప్పుకు బాగా కుదురుతుంది.

బొహోల్: కుటుంబంతో వెళ్లేవాళ్లకు

2013 అక్టోబర్ 15న 7.2 తీవ్రత భూకంపం ఈ దీవి చర్చిల్ని కుదిపేసింది. లోబోక్ చర్చి చాలావరకు కూలింది, లోన్ అనే ఊళ్లోది పూర్తిగా పోయింది. ఏళ్ల తరబడి పని చేసి తిరిగి నిలబెట్టారు. లోబోక్‌ది 2021లో తెరుచుకుంది. అసలు రాయి ఎక్కడ, కొత్త రాయి ఎక్కడ అని వెతికేవాళ్లకు ఇది పాఠంలా పనికొస్తుంది. 'పాతదే కావాలి' అనేవాళ్లకు నిరాశ.

ఇదే దీవిలోని బక్లయోన్ ఊరికి జెస్యూట్లు 1596లో వచ్చారు. పగడపు రాతి చర్చి 1727కి పూర్తయింది. దాన్ని కట్టిన సున్నంలో లెక్కలేనన్ని కోడిగుడ్ల తెల్లసొన కలిపారన్నది స్థానికంగా అందరూ చెప్పే కథ. 1768లో జెస్యూట్లను వెళ్లగొట్టాక రికలెక్టులు వచ్చి ముందు వసారాలు చేర్చారు. అందుకే బొహోల్ చర్చిలకు చాలాసార్లు రెండు ముఖాలు కనిపిస్తాయి, వెనకది జెస్యూట్లది, ముందుది రికలెక్టులది. లోబోక్‌లో నది మీద సగంలో ఆగిపోయిన వంతెన ఉంది. పూర్తయితే చర్చి ప్రాంగణానికే ముప్పు వస్తుందని వ్యతిరేకించడంతో ఆగిపోయింది. కట్టినవాటి కంటే కట్టకుండా ఆపిన ఈ వంతెనే నాకు ఎక్కువ నచ్చింది.

నది మీద పడవలో భోజనం, చాక్లెట్ కొండలు (ఎండాకాలంలో గోధుమరంగుకు మారే గుట్టలు), బీచ్ అన్నీ అక్కడే కాబట్టి చర్చిలంటే ఆసక్తి లేని పిల్లలు గొడవ చేయరు.

ఎవరికి ఏది

దవావ్‌లో ఉండేవాళ్లు ఊళ్లోనే పాత చర్చి కోసం వెతికి విసుగెత్తుతారు. స్పెయిన్ ఆ ఊరిని పట్టుకుందే 1848లో. ఆ ఊరున్న మిందనావో దీవిలో చాలా భాగం వాళ్ల చేతికి గట్టిగా చిక్కలేదు కూడా. కాబట్టి ఇలోయిలో, బొహోల్ మధ్యే ఎంచుకోండి. ఇద్దరు స్నేహితులైతే మియగావ్, అమ్మానాన్నలు వచ్చినప్పుడైతే బొహోల్.

భక్తితో వెళ్లేవాళ్లకు పై ఐదింటి కంటే సెబులోని సాంతో నిన్యో దేవాలయమే ముఖ్యం. 1521లో మాగెల్లాన్ సెబు రాణికి ఇచ్చిన బాలయేసు స్వరూపం 1565లో మళ్లీ దొరికిందని చెప్పే చోటు అది. ఇప్పటి రాతి కట్టడం 18వ శతాబ్దానిది. ఫిరంగిపురం బాలయేసు దగ్గరికి వెళ్లే కుటుంబాలకు ఇక్కడి క్యూలు కొత్తగా అనిపించవు. జనవరి మూడో ఆదివారం సినులోగ్ పండగ. జనం ఇష్టమైతే అప్పుడే వెళ్లండి, లేకపోతే ఆ వారం సెబు వైపే చూడొద్దు.

రాజకీయ చరిత్ర ఇష్టమున్నవాళ్లకు కట్టడం కంటే 'ఈ విచారణలు ఎవరివి' అన్న గొడవ ముఖ్యం. విచారణల్ని స్పెయిన్ సన్యాసుల చేతిలోంచి స్థానిక గురువులకు ఇవ్వాలని అడిగినవాళ్లలో గోమెస్, బుర్గోస్, సమోరా అనే ముగ్గుర్ని 1872 ఫిబ్రవరి 17న మనీలాలో మెడకు ఇనుప పట్టీ బిగించి చంపారు. ఫిలిప్పీన్ జాతీయోద్యమాన్ని చాలామంది అక్కడి నుంచే లెక్కిస్తారు. మీకు శాన్ అగస్టిన్‌తో పాటు మనీలా పక్కనున్న మలోలోస్‌లోని బరసోయిన్ చర్చి కలపండి. 1898లో విప్లవ కాంగ్రెస్ సమావేశమైంది, 1899 జనవరి 23న తొలి రిపబ్లిక్ మొదలైంది అందులోనే.

ఆర్కిటెక్చర్ చదివేవాళ్లు మనీలాతో మొదలుపెట్టి ఇలోకోస్‌కు వెళ్లండి. శాన్ అగస్టిన్‌లో రాతి కమాను కప్పు, పవాయ్‌లో తేలిక కప్పు, శాన్ సెబాస్టియన్‌లో ఉక్కు. ఒకే సమస్యకు మూడు జవాబులు నాలుగైదు రోజుల్లో కళ్లముందుంటాయి.

వెళ్లే ముందు

డిసెంబర్ నుంచి మే దాకా అనుకూలం. జులై నుంచి అక్టోబర్ మధ్య ఇలోకోస్ పెట్టుకుంటే తుఫాను టెన్షన్ తప్పదు. పవిత్ర వారంలో (ఈస్టర్‌కు ముందు వారం) బస్సులు కిక్కిరిసి ఉంటాయి, దుకాణాలు మూసేస్తారు. ఊరేగింపులు చూడాలంటే అదే సమయం, చర్చి నిదానంగా చూడాలంటే కాదు. ఇవన్నీ ఇప్పటికీ పూజలు జరిగే విచారణ చర్చిలే. పూజ జరుగుతున్నప్పుడు ఫోటోల కోసం ముందుకు వెళ్లకండి, భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. శాన్ అగస్టిన్‌లో శనివారాలు పెళ్లిళ్లు ఎక్కువ. మీకు మనీలాలో దొరికేది శనివారం ఒక్కటే అయితే ఉదయాన్నే వెళ్లండి. అప్పటికే పెళ్లి మొదలై ఉంటే ముందు శాన్ సెబాస్టియన్ చూసుకుని మళ్లీ రండి.